మూడు వందల యాభై నాలుగు పేర్లు

నిజాం రాజ్యంలో తెలుగు కవులన్నవాళ్లే లేరని ముడుంబ వెంకటరాఘవాచార్యులనే పండితుడు ఒక మాట అనేశారు. అది 1930ల తొలినాళ్ల సంగతి. ఆ మాట హైదరాబాదులో తెలుగు చదివేవాళ్లందరికీ గుచ్చుకుంది. అందరికంటే ఎక్కువగా గుచ్చుకున్నది గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డికి.

ఆయనకప్పటికి నలభై ఏళ్లు నిండలేదు. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, హైదరాబాదు రెడ్డి హాస్టలు బాధ్యతలు మోస్తూ 1926 మే 10న పత్రిక మొదలుపెట్టిన మనిషి. రాయడం, దిద్దడం, ప్రూఫులు చూడడం, ఉత్తరాలకు జవాబులివ్వడం, చందాలు రాబట్టడం అన్నీ ఆయన నెత్తినే ఉండేవి. వ్యాసాలు రాయడానికి మనుషులు చాలకపోతే తానే 'చిత్రగుప్త' అయ్యేవాడు, 'భావకవి రామమూర్తి' అయ్యేవాడు. అలాంటి మనిషికి ఆ మాటకు బదులు చెప్పడం పెద్ద పనేమీ కాదు. రాత్రి కూర్చుని పదునైన సంపాదకీయం రాస్తే వచ్చే సంచికలో అచ్చయ్యేది. చదివినవాళ్లు శభాష్ అనేవారు, అవతలివాళ్లు ఇంకో వ్యాసం రాసేవారు, వారానికల్లా అంతా సద్దుమణిగేది.

ఆయన ఆ దారి పట్టలేదు. ఊళ్లను అడిగాడు. కవిత్వం రాసేవాళ్లు మీ పద్యాలు పంపండి, మీ పేరు, ఊరు, వివరాలు రాసి పంపండి అని పిలుపునిచ్చాడు.

ఆ రోజులను కళ్లముందు నిలుపుకుంటేనే ఆ పని బరువు తెలుస్తుంది. ప్రభుత్వ భాష ఉర్దూ. కచేరీలో దరఖాస్తు ఉర్దూలో, కోర్టులో వాదన ఉర్దూలో. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువూ ఉర్దూలోనే. పల్లెలో తెలుగు నేర్వాలంటే సొంతంగా బడి నడిపే ఖాన్‌గీ బడిపంతులే దిక్కు. ఆ పంతులు దగ్గర ఇసుకలో అక్షరాలు దిద్దుకున్న రైతో, పురోహితుడో, వైద్యుడో, బడిపంతులో రాత్రిపూట కందిలి ముందు కూర్చుని, ఎన్నడో రాసుకున్న పద్యాన్ని మంచి కాగితం మీదికి ఎక్కించాలి. కింద తన పేరు రాయాలి. తండ్రి పేరు, ఊరి పేరు, తాలూకా రాయాలి. దాన్ని టపా దొరికే ఊరిదాకా నడిచి వెళ్లి వేయాలి. తన పేరు అచ్చులో చూసుకుంటానని ఆ మనిషి అంతకుముందు కల కూడా కని ఉండడు.

ఉత్తరాలు వచ్చాయి. తాలూకాల నుంచి, జాగీరుల నుంచి, సంస్థానాల నుంచి వచ్చాయి. వృద్ధులు పంపారు, కుర్రవాళ్లు పంపారు. ఒక కులమని లేదు. ఆడవాళ్ల పద్యాలూ వచ్చాయి. వాటన్నిటినీ వరుసలో పెట్టి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అందులోని కవులు 354 మంది. ఆచార్యులవారి మాటకు అదే జవాబు. వాదన కోసం వేరే ఒక్క వాక్యం అక్కర్లేకపోయింది.

తెలుగు సాహిత్య చరిత్రలో ఈ కథ చాలామందికి తెలిసిందే. మేడ్చల్ దగ్గరి రావల్కోల్ లాంటి ఊళ్లలో ఇప్పుడు తమ వంశం ఆరా తీస్తున్నవాళ్ల కోసం దీన్ని మళ్లీ చెప్పాలనిపించింది. ఎందుకంటే ఆ సంచికను కవిత్వం కోసం కాక పేర్ల కోసం తిరగేస్తే అది వేరే పుస్తకం అవుతుంది. తొంభై ఏళ్ల కిందట తెలంగాణ పల్లెల్లో అక్షరం పట్టుకున్న మనుషుల పట్టిక అది. ఆ మనుషులందరికీ మనుమలు, మునిమనుమలు ఉండి ఉంటారు. తమ ముత్తాత పద్యం రాసేవాడని, అది అచ్చయిందని వాళ్లలో ఎందరికి తెలుసు?

●

మేడ్చల్, శామీర్‌పేటల నడుమ ఉన్న ఈ ఊళ్లలో మూడు తరాలు వెనక్కి వెళ్తే ఏం జరుగుతుందో అందరికీ అనుభవమే. మనుమడు అడుగుతాడు.

"తాతా, నువ్వు ఏ సాలున పుట్టినవే?"

"సాలు ఎవనికెరుక బిడ్డా. పోలీస్ యాక్షన్ అయిననాడు నేను బర్లు కాసేటోణ్ణి. మా నాయినైతే తుగ్యానీ ఏడు పుట్టిండని మా నాయనమ్మ చెప్పేది."

"తుగ్యానీ అంటే?"

"పట్నం మునిగిపోయింది గదనే. మూసీ వచ్చి."

అక్కడితో ఆగిపోతాడు మనుమడు. నిజానికి ఆ రెండు మాటల్లోనే వెతకడానికి కావలసిన కొసలు దొరికాయి. మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. అంటే ముత్తాత పుట్టింది ఆ ఏడాదిలో. హైదరాబాదు మీద భారత సైన్యం జరిపిన పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 17న నిజాం లొంగిపోవడంతో ముగిసింది. బర్రెలు కాసే పిల్లవాడంటే ఎనిమిదీ పదేళ్లు. తాత పుట్టింది 1938, 1940 మధ్య. పుట్టినతేదీ పత్రం లేని మనిషికి ఇంత దగ్గరగా ఏడు దొరికిందంటే, ఇక పాత పత్రికల్లో ఏ సంపుటాలు తెరవాలో తెలిసినట్టే.

అయితే లైబ్రరీకి వెళ్లేముందు సరిచూసుకోవలసినవి రెండున్నాయి. ఒకటి ఏడు. నిజాం కాలపు కాగితాల్లో ఎక్కువగా కనిపించేది ఫసలీ. దానికి 590 కలిపితే మన ఏడు వస్తుంది. ఆ ఫసలీ ఏడు ఆజూర్ మాసంతో, అక్టోబరు 6న మొదలయ్యేది. అందుకే జనవరి నుంచి అక్టోబరు మొదటివారం దాకా జరిగినవాటికి 591 కలపాలి. మూసీ వరద 1317 ఫసలీ చివరి రోజుల్లో వచ్చింది. కాగితం మీద 1317 చూసి 590 కలిపి 1907 అని రాసుకున్నవాళ్లు ఏడాది వెనక సంపుటంలో వెతుకుతూ ఏమీ దొరక్క తిరిగి వస్తారు.

రెండోది జిల్లా. ఇవాళ రావల్కోల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. ఆ జిల్లా 2016 అక్టోబరు 11న పుట్టింది. అంతకుముందు రంగారెడ్డి జిల్లా. అది 1978లో ఏర్పడింది. దానికి ముందు హైదరాబాదు జిల్లా. నిజాం కాలానికి వెళ్తే మేడ్చల్ తాలూకా ఉన్నది అత్రాఫె బల్దాలో, అంటే పట్నం చుట్టుపక్కల నేలల జిల్లాలో. ఆ జిల్లా నిజాం సొంత ఖర్చులకు రాబడినిచ్చే సర్ఫెఖాస్ భూముల కింద ఉండేది. 1949లో సర్ఫెఖాస్‌ను ప్రభుత్వంలో కలిపేశారు. ఊరు ఉన్నచోటే ఉంది, దాని చిరునామా మాత్రం మూడుసార్లు మారింది. పాత కాగితంలో 'రంగారెడ్డి జిల్లా' అని వెతికితే రావల్కోల్ ఎన్నటికీ దొరకదు.

ఇక ఉర్దూ పత్రికల్లో ఊరి పేరును పట్టుకోవడం మరో పరీక్ష. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. ఒకే రాతను రావల్ అనీ, రావిల్ అనీ, రావుల్ అనీ చదవొచ్చు. చదివిపెట్టేవాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల పేర్లు కూడా చెప్పాలి. పక్క ఊరి పేరు అదే వార్తలో కనిపిస్తే అది మన ఊరేనని నమ్మకం కుదురుతుంది.

●

పల్లె మనుషుల పేర్లు అచ్చులోకి రావడం వెనక ఒక రాత్రి ఉంది. దాన్ని చెప్పకుండా ఈ కథ నడవదు.

1921 నవంబరు 12. హైదరాబాదు వివేకవర్ధిని పాఠశాలలో సంఘ సంస్కార సభ జరుగుతోంది. అధ్యక్షుడు మహర్షి కార్వే. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడుతున్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మొదలుపెట్టాడు. సభలో గోల లేచింది. ఈలలు, నవ్వులు. మాట సాగనివ్వలేదు. ఆ రాజ్యంలో దాదాపు సగం జనం మాట్లాడే భాషలో నాలుగు మాటలు చెప్పబోతే నిలబడనీయలేదు.

ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది చేరారు. గుప్పెడుమందే. నిజాం రాష్ట్ర ఆంధ్రజన సంఘం అక్కడే పుట్టింది. తరువాతి కాలంలో మాడపాటి హనుమంతరావు దాన్ని ఊళ్లూళ్లకు తీసుకెళ్లారు. వెట్టిచాకిరీ మీద కరపత్రాలు వచ్చాయి, గ్రంథాలయాలు వెలిశాయి.

ఏడాది తిరక్కుండానే, 1922లో, రెండు తెలుగు వారపత్రికలు వచ్చాయి. అవి పట్నంలో పుట్టకపోవడం ఇక్కడ గమనించాలి. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు 'నీలగిరి' నడిపారు. వరంగల్లు వైపు ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు 'తెనుగు' నడిపారు.

ఇనుగుర్తి అంటే పల్లె. అన్నదమ్ములిద్దరూ ఆ పల్లెలోనే ముద్రణాలయం పెట్టుకున్నారు. పత్రిక పని వాళ్ల ఇంటి పని. ఆ ఇంట్లో ఒక వారం ఎలా గడిచి ఉంటుందో అచ్చు పని తెలిసినవాళ్లు ఊహించగలరు. కేసులోని గళ్లలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు ఉండడంవల్ల గళ్లు వందల్లో ఉంటాయి. స్టిక్కులో అక్షరాలను తలకిందులుగా పేర్చాలి. ఒక పేజీ కట్టాక ప్రూఫు తీయాలి, తప్పులు దిద్దాలి, మిషను మీదికి ఎక్కించాలి. అచ్చయిన కాగితాలు ఆరాక మడిచి, చిరునామాలు రాసి, టపాకు అందించాలి. టపా తప్పితే వారం తప్పినట్టే. ఐదారేళ్లపాటు ఆ అన్నదమ్ములు అది చేశారు. ఏ ఊళ్లో బడి పెట్టారు, ఎక్కడ గ్రంథాలయం తెరిచారు, ఏ అధికారి రైతును ఎట్లా పీడించాడు అన్న వార్త పల్లె నుంచి పల్లెలోని ముద్రణాలయానికి వచ్చి, అచ్చయి మళ్లీ పల్లెకు వెళ్లేది.

గోలకొండ పత్రిక ఆ బాటలోనే వచ్చింది. రెండు చిన్న పత్రికలు పల్లెకు నేర్పిన అలవాటే, అంటే మన ఊరి సంగతి మనం రాసి పంపవచ్చన్న ధైర్యమే, 1934లో ప్రతాపరెడ్డికి అన్ని ఉత్తరాలు తెచ్చిపెట్టిందని నా నమ్మకం.

●

పాత పత్రిక సంపుటాన్ని మొదటిసారి తెరిచినవాళ్లకు చేతులు వణుకుతాయి. అట్ట బరువుగా ఉంటుంది, లోపలి కాగితం తేలిపోతుంటుంది. అంచులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. ఒక చేత్తో పేజీ తిప్పకూడదు. రెండు చేతులూ కింద పెట్టి, అరచేతుల మీద ఎత్తి, అవతలికి పడుకోబెట్టాలి. వెలుతురు పక్కనుంచి పడితే అక్షరాలు కాగితంలోకి దిగిన గుంటలు కూడా కనిపిస్తాయి. సీసం ముక్క ఆ కాగితాన్ని నొక్కిన గుర్తులవి.

అరసున్నలు, బండి ఱలు మొదట్లో కొంచెం అడ్డుతగులుతాయి. రెండు పేజీలు దాటాక అలవాటవుతాయి. పెద్ద శీర్షికల దగ్గర ఆగకూడదు. గాంధీగారి యాత్ర, లండన్‌లో సమావేశం లాంటివి అన్ని పత్రికల్లోనూ ఉంటాయి. మన తాతలు ఉండేది లోపలి పేజీల చివర్న, చిన్న అక్షరాల్లో. గ్రంథాలయానికి రూపాయి చందా ఇచ్చినవారు, బడి తెరిచిననాడు పాల్గొన్నవారు, బావి తవ్వించినవారు, సంపాదకుడికి ఉత్తరం రాసి వెట్టి గురించి మొరపెట్టుకున్నవారు. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్రమహాసభ లాంటి వార్తల చుట్టూ మరీ జాగ్రత్తగా చదవాలి. సభ పెద్దదయితే ఊళ్ల నుంచి వెళ్లినవారి పేర్లు ఎక్కడో ఒకచోట తగులుతాయి.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. పత్రికలోకి పేరుతో ఎక్కింది చదువు, భూమి, హోదా ఉన్నవాళ్లే ఎక్కువ. పట్వారీ, మాలీ పటేలు, పోలీసు పటేలు, వకీలు 'గారు'తో సహా కనిపిస్తారు. నీరటి, బేగారి, సేత్‌సింధి, పాలేరు పేరు లేకుండా పనిపేరుతోనో కులంపేరుతోనో కనిపిస్తారు. వెట్టికి ఎదురుతిరిగి దెబ్బలు తిన్న మనిషి గురించి నాలుగు వాక్యాల వార్త ఉంటుంది, అందులో అధికారి హోదా ఉంటుంది, దెబ్బలు తిన్నవాడి పేరుండదు. ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి. ఆ కుటుంబాల పిల్లలు పత్రికలు తిరగేసి మావాళ్లు ఎక్కడా లేరని నిరాశపడితే తప్పు వాళ్లది కాదు, ఆ పత్రికలది.

అందుకే వెతికేవాళ్లు భాగ్యరెడ్డివర్మ పేరు గుర్తుపెట్టుకోవాలి. 1888లో పుట్టి, దళితుల కోసం 1906 నుంచే సంఘాలు కట్టి, హైదరాబాదులో ఆది హిందూ పాఠశాలలు నడిపిన ఆయన 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. పెద్ద పత్రికల్లో పనిపేరుతో మిగిలిపోయిన మనుషులు తమ పత్రికలో తమ పేరుతో నిలబడ్డారు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో దళిత కుటుంబాల పెద్దలు పట్నం బడికి పిల్లల్ని పంపిన జ్ఞాపకం మీ ఇంట్లో ఉంటే, వెతుకులాట అక్కడినుంచి మొదలుపెట్టడం మేలు.

మరో దారి భూమి కాగితాలు. మేడ్చల్ పరిసరాల్లో ఎకరం ధర పెరిగినప్పటినుంచి ఖాస్రా పహాణీ అన్న మాట చిన్నపిల్లలకు కూడా వచ్చు. 1954-55 నాటి ఆ పహాణీని తగాదాల కోసమే తెరుస్తున్నాం. దాన్ని వంశం కోసం తెరిచి చూడండి. ఎవరి సేద్యంలో ఏ నంబరు ఉందో, ఆ మనిషి తండ్రి ఎవరో అందులో ఉంటుంది. ఊళ్లో ఎవరూ పలకని ఒక ముత్తాత పేరు అక్కడ కనపడితే, ఆ పేరుతో పత్రికల్లోకి వెళ్లవచ్చు. ఇంకా వెనక్కి వెళ్లాలనుకునేవారికి తొలి భూమి సర్వే నాటి సేత్వార్ ఉంది, తార్నాకలో రాష్ట్ర ప్రాచీన పత్ర భాండాగారం ఉంది. అక్కడ మొగలాయి కాలపు ఫార్సీ కాగితాలు కూడా భద్రంగా ఉన్నాయి.

●

అచ్చులో ఒక మాట వేసినందుకు ప్రాణం ఇచ్చినవాళ్లు కూడా ఈ నగరంలో ఉన్నారు.

1948 ఆగస్టు 21 రాత్రి. కాచిగూడలో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక పని ముగించుకుని యువ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఇంటికి బయల్దేరాడు. వెంట బావమరిది ఉన్నాడు. షోయబుల్లాకు ముప్పై ఏళ్లు కూడా రాలేదు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల ఆగడాలు ఆగాలని రాస్తున్నందుకు బెదిరింపులు వస్తూనే ఉన్నాయి. దారిలో కాపు కాసినవాళ్లు తుపాకులు పేల్చారు. రాసిన చేతిని నరికారు. తెల్లవారేసరికి షోయబుల్లా లేడు. పోలీసు చర్యకు అది మూడు వారాల ముందటి మాట.

మన తాతలు 'రజాకార్ల లొల్లి' అని రెండు మాటల్లో చెప్పి ఊరుకునే ఆ ఏడాది గురించి, ఊరు విడిచి గుట్టల్లో దాక్కున్న రాత్రుల గురించి తెలుసుకోవాలంటే ఆ నెలల పత్రికలు చదవాలి. ఒక్క వైపు పత్రిక చదివితే చాలదు. తెలుగు పత్రికతో పాటు ఉర్దూ పత్రిక కూడా పక్కన పెట్టుకోవాలి. ఒకే సంఘటనను ఇద్దరు ఎట్లా రాశారో చూస్తేనే మనవాళ్లు ఏ భయంలో బతికారో అర్థమవుతుంది. తాత చెప్పకుండా మింగిన మాట కొన్నిసార్లు అక్కడ దొరుకుతుంది.

●

ఈ కాగితాలు ఇంకా ఎక్కడున్నాయి?

హైదరాబాదు సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు పూనికతో మొదలైంది. తెలుగు పుస్తకాల కోసం నిజాం రాజ్యంలో తెరిచిన తొలి తలుపు అదే. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ఆంధ్ర తీరాన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. దాని భవనానికి 1929లో గాంధీజీ పునాదిరాయి వేశారు. పాత పత్రికల కోసం దూరాల నుంచి పరిశోధకులు వెళ్లే చోటు అది. పట్నం దాకా పోలేనివాళ్లకు మరో వెసులుబాటు ఏమిటంటే ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రికల పాత సంచికలను స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది. అన్నీ లేవు, ఉన్నవాటిలోనూ కొన్ని పేజీలు మసకగా ఉన్నాయి. అయినా రావల్కోల్‌లో అరుగు మీద కూర్చుని ఫోనులో 1930ల నాటి పేజీ చూడగలగడం చిన్న సంగతి కాదు.

కాగితానికి ఇక్కడ శత్రువు నీళ్లు. 1908లో మూసీ పొంగినప్పుడు మనుషులే వేలల్లో పోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు నూటయాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఇళ్లతో పాటు పెట్టెల్లో ఎన్ని దస్తావేజులు, ఎన్ని జాతకాలు కొట్టుకుపోయాయో చెప్పగలిగేవాళ్లు లేరు. తొంభై రెండేళ్ల తర్వాత 2000 ఆగస్టులో నగరం మళ్లీ మునిగింది. ఈసారి నీళ్లు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి వచ్చాయి. అబ్దుస్సమద్ ఖాన్ అనే పుస్తకప్రేమికుడు జీవితమంతా ఏరికోరి కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఉన్నది అక్కడే. తడిసిన వాటిని కాపాడడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. దేశవిదేశాల గ్రంథాలయాలు చేయి కలిపాయి. ఒక మనిషి పట్టుదలతో పోగైన సంపద, అనేకుల పట్టుదలతో మిగిలింది.

లైబ్రరీలో కాగితం పోతే కనీసం పోయిందని తెలుస్తుంది. ఇంట్లో పోయేది తెలియదు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పాత సందుక బయటికి వస్తుంది. అందులో పసుపు అంటిన పెళ్లి శుభలేఖ, ఉర్దూలో ఉన్న రసీదు, వార్తాపత్రికలోంచి కత్తిరించిన ముక్క, ఎవరో తెలియని మనిషి ఫొటో ఉంటాయి. ఎవరూ చదవలేరు కాబట్టి ఎవరికీ అక్కర్లేదనుకుంటారు. భోగిమంటకో పాతసామాన్ల బండికో వెళ్తాయి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ పాత ఇళ్లు ఎంత వేగంగా కూలుతున్నాయో చూస్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పనవసరం లేదు.

కాబట్టి ఈ ఊళ్లవాళ్లకు నా విన్నపం. ఇల్లు కూల్చేముందు సందుక దించండి. ఉర్దూ కాగితం కనిపిస్తే చదవగలిగిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లండి, మోడీ లిపిలోని మరాఠీ, ఫార్సీ అయితే తార్నాకలో అడగండి. లామినేషన్ చేయించకండి, వేడికి పాత కాగితం చెడుతుంది, మళ్లీ విడదీయలేం. పగటి వెలుతురులో ఫొటో తీసి, కాగితాన్ని శుభ్రమైన కవరులో పెట్టి, కవరు మీద పెన్సిలుతో ఊరు, తాలూకా, ఫసలీ సాలు, ఆ సంగతి చెప్పిన పెద్దవాళ్ల పేరు రాయండి. నాయనమ్మ పేరు, ఆమె తల్లిగారి ఊరు తప్పకుండా రాయండి, ఎందుకంటే అది ఇంకెక్కడా ఉండదు. ఆపైన గోలకొండ కవుల సంచిక ఒక్కసారి తెప్పించుకుని చూడండి. పునర్ముద్రణ అయింది. 354 పేర్లూ చదవడానికి ఒక పూట పడుతుంది. వాటిలో మీ ఇంటిపేరు, మీ చుట్టాల ఊరు కనిపిస్తే, ఆ కవి గురించి మీ ఇంట్లో తెలిసినదంతా రాసి మీ దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి.